చేతికి తగిన పట్టు

గోల్ఫు ఆటను గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుట యేల యని కొందఱు సోదరీమణులు శంకింపవచ్చును. అది ధనికుల వినోదమనియు, మగవారి కాలక్షేపమనియు మనలో ననేకుల యభిప్రాయము. అందు కొంత నిజము లేకపోలేదు. కాని 2021వ సంవత్సరమున టోక్యో ఒలింపిక్ క్రీడలలో బెంగుళూరు యువతి అదితీ అశోక్ ఒక్క దెబ్బ తేడాతో పతకము తప్పి నాలుగవ స్థానమున నిలిచినప్పుడు, ఈ యాట నియమము లొక్కటియు నెఱుగనివారు సైతము తెల్లవారుజామున లేచి చూచిరి. ఆ పోటీలో ఆమె కర్రల సంచిని మోసినది ఆమె తల్లియే. అది చూచిన పిదపనే నాకును ఈ కర్రను చేతబట్టవలెనను కోరిక కలిగినది. అప్పటికి నాకు ఏబదిరెండేండ్లు.

ఈ యాటలో మనిషికిని కర్రకును గల సంబంధమంతయు రెండుచేతుల పట్టునందే యున్నది. బంతి బరువు సుమారు 46 గ్రాములు. కర్రతల దానిని తాకియుండు కాలము సెకండులో రెండువేలవ వంతు మాత్రమే. ఆ క్షణమున కర్రముఖము రవంత వంకరయైనను బంతి చెట్లపాలగును. ఆ ముఖమును తిన్నగా నిలుపునది భుజబలము కాదు, వ్రేళ్ళు.

నాకు మొదట నేర్పిన యుపాధ్యాయుడు వార్డను పట్టును దప్ప వేఱొకదానిని ఒప్పుకొనెడివాడు కాడు. హారీ వార్డను 1870లో జెర్సీ ద్వీపమున జన్మించి, 1896 మొదలు 1914 వఱకు బ్రిటిషు ఓపెను పోటీని ఆఱు మారులు గెలిచిన మేటి. కుడిచేతి చిటికెనవ్రేలిని ఎడమచేతి చూపుడువ్రేలిపై నెక్కించి పట్టుట ఆయన పేరిట ప్రసిద్ధికెక్కినది. నిజమునకు స్కాట్లండు దేశీయుడగు జానీ లెయిడ్లే అంతకుముందే యట్లు పట్టుచుండెను. పని యొకరిది, పేరొకరిది యగుట మన యిండ్లలో మాత్రమే జరుగునది కాదు గదా!

వార్డను చేతులు చాల పెద్దవి. నావి చిన్నవి. నా చిటికెనవ్రేలు ఆ చోట నిలువక జారిపోవుచుండెడిది. అది జారకుండుటకై కుడి బొటనవ్రేలితో పిడిని గట్టిగా నదుమవలసి వచ్చెడిది. రెండు నెలలు గడచునప్పటికి బొటనవ్రేలి మొదట నొప్పి యారంభమైనది. చపాతీపిండి కలుపుటకు గాని, తడిబట్ట పిండుటకు గాని, పచ్చడిసీసా మూత త్రిప్పుటకు గాని ఆ చేయి పనికిరాకపోయెను. ఉపాధ్యాయునితో చెప్పగా, "అలవాటగునమ్మా. పట్టు మార్చినచో ఆట రాదు" అనెను. వైద్యురాలు పరీక్షించి, బొటనవ్రేలి కీలు అరుగుచున్నదనియు, దానిపై భారము తగ్గింపలేనిచో ఆట మానుటయే మేలనియు చెప్పిరి. ఇంటిలోనివారు, "ఈ వయసున నీకిది యేల?" అనిరి. అది ప్రేమతో ననిన మాటయే. అయినను వారమునకు రెండు ఉదయములు, ఎవరికిని ఏమియు వడ్డింపక, మంచు తడియారని పచ్చికపై నడచుటకు నేను మరగితిని. దానిని విడుచుటకు నా మనసొప్పలేదు.

పూర్వము మన పెరళ్ళలో వడ్లు దంచెడి స్త్రీలను చూచినవారికి తెలియును. ఒకామె రోకలిని నడుమ పట్టును, ఒకామె కొంచెము పైకి పట్టును. ఒకరిది బిగువు, ఒకరిది వదులు. అయినను వంతు తప్పక ఒకే రోటిలో పోట్లు పడుచుండును. కోడలు తన చేతితోనే పట్టుకొనవలెనని ఎంత గయ్యాళి యత్తకైనను తెలియును. గోల్ఫు నియమములును వ్రేళ్ళ యమరికను శాసింపవు. పిడిని దేహమునకు ఆనించి కొట్టరాదని మాత్రము 2016 నుండి నిషేధ మేర్పడినది.

ఇక నేను ఇతరపద్ధతులను పరిశీలింప మొదలిడితిని. కుడి చిటికెనవ్రేలిని ఎడమ చూపుడువ్రేలితో పెనవేయుట యొక పద్ధతి. జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ వంటి మహావీరు లిట్లే పట్టిరి. చిన్నచేతులవారి కిది యనుకూలమందురు. నాకు మాత్రము వ్రేళ్ళ సందులు ఒరసికొని మంట పుట్టినది. పదివ్రేళ్ళును పిడిమీదనే యుంచి, రెండుచేతులను ఒకదానికొకటి తాకునట్లు ఆనించుట మఱియొకటి. దీనిని పిల్లలపట్టని తేలికచేయువారు కలరు. కాని బాబ్ రాస్‌బర్గ్ ఈ పట్టుతోనే 1959లో అమెరికా పి.జి.ఏ. పోటీని గెలిచెను. నా బొటనవ్రేలికి నెమ్మది నిచ్చినది ఇదియే.

వ్రేళ్ళ యమరికకంటె ముఖ్యమైనది ఎడమచేతిలో పిడి యెక్కడ నుండవలెనన్నది. అరచేతి నడుమ గుప్పిలించినచో మణికట్టు వంగదు. చిటికెనవ్రేలి మొదలునుండి చూపుడువ్రేలి నడిమి కణుపువఱకు ఏటవాలుగా వ్రేళ్ళలో నిలుపవలెను. చేతులను వదులుగా వ్రేలాడనిచ్చి చూచుకొనుడు. ఎడమచేయి సహజముగా ఎంత లోపలికి తిరిగియుండునో, పిడిమీదను అంతయే తిరిగియుండుట సుఖము. కుడిచేతితో నాడువారు పైనుండి చూచినప్పుడు ఎడమచేతి కణుపులు రెండో మూడో కనబడుట సామాన్యము. చేతిని మఱింత కుడికి త్రిప్పినచో బంతి ఎడమకును, ఎడమకు త్రిప్పినచో కుడికిని పోజూచును. అయినను జూడీ రాంకిన్ తన ఎడమచేతిని చూచువారు ఆశ్చర్యపడునంత కుడికి త్రిప్పి పట్టెడిది. ఒక్క యేడు ఆటలో లక్ష డాలర్లకు మించి ఆర్జించిన మొదటి స్త్రీ ఆమెయే, 1976లో.

పిడి లావునుగూర్చి ఎవరును నాతో ముందుగా చెప్పలేదు. స్త్రీలకు సన్నని పిడులే తగునని అంగడివారు ఇత్తురు. కీళ్ళనొప్పి గలవారికి కొంచెము లావైన మెత్తని పిడి మేలు, అంత గట్టిగా ముడువ నక్కఱలేదు. నేను కర్రలన్నిటికిని పిడులు మార్పించితిని. ఎడమచేతి చివరి మూడువ్రేళ్ళయందు మాత్రము కొంత బిగువుంచి, బొటనవ్రేళ్ళను ఊరక ఆన్చియుంచుచున్నాను. బంతి మునుపటికన్న పది గజములు తక్కువ పోవుచున్నది, పోనిండు. నొప్పి పూర్తిగా మానలేదు గాని పిండి నేనే కలుపుకొనుచున్నాను.

రబ్బరు పిడులకు చెమటయు, చేతినూనెయు పట్టి, ఎండకు గట్టిపడి జారుట కలదు. జారెడి పిడిని మనకు తెలియకయే బిగించి పట్టుదుము. కావున నెలకొకమారు గోరువెచ్చని సబ్బునీటిలో ముంచిన గుడ్డతో తుడిచి, నీడను ఆరబెట్టవలెను. కర్రలను కారు వెనుకపెట్టెలో ఎండలో విడువరాదు.