నలభై తొమ్మిది మెట్లు

ఆడవాళ్ళకి మతిమరుపెక్కువని ఎవరైనా అంటే నాకు మావారి క్యాలిక్యులేటరే గుర్తొస్తుంది. దాని మతిమరుపు ముందు మనదెంత చెప్పండి!

1977లో మా మరిది అమెరికా నుంచి వస్తూ అన్నగారికి హెచ్.పి.-25 తెచ్చాడు. మావారు ఇరిగేషన్ ఇంజనీరు. కాలువ వెడల్పూ, లోతూ, వాలూ ఇస్తే ఎంత నీరు పారుతుందో చెప్పేలా దానికి పాఠం నేర్పొచ్చట. నేర్పడమంటే వరసగా మీటలు నొక్కడమే. కానీ మొత్తం 49 మెట్లే; యాభయ్యోది లేదు. అంకెలు దాచుకోడానికి 8 అరలు. "నా పోపులపెట్టెకి ఏడు గిన్నెలున్నాయి. దీనికి ఒక్కటేనా ఎక్కువ?" అన్నాను. ఆయన నవ్వలేదు.

మూడు రాత్రులు కూచుని, 53 మెట్ల లెక్కని అటు తోసి ఇటు సర్ది 49లో ఇరికించి మురిసిపోయారు. మర్నాడు బల్లమీద ఎర్రటి అంకెలు వెలుగుతూ కనిపిస్తే, అయ్యో బ్యాటరీ దండగ అని స్విచ్ కట్టేశాను. అంతే! కట్టేస్తే సర్వం మరిచిపోయే రకం అది. మరిచిపోని తమ్ముడు 25సి అని 1976లోనే వచ్చిందట. మాకు దక్కింది అన్నగారు!

మావారు కేకలేసినా బాగుండేది. మాట్లాడకుండా అన్నం తిని పడుకున్నారు. నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి ఆయన కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్క మీటే నొక్కాను. తెరమీద అక్షరాలు రావు. మీట ఉన్న వరసా, స్థానమూ అంకెల్లో కనిపిస్తాయి. ఎంటర్ అంటే 31, మూడో వరసలో మొదటిది. ఆయన లేచి లెక్క వేసి చూస్తే సరిపోయింది! అప్పట్నించీ ఆయన లెక్కలకి కూచునే ముందు మెట్లెక్కించే పని నాదే అయింది.

ఇప్పుడు ఆయనకి ఎనభై దాటాయి. కునుకు తీసి లేస్తే పొద్దున్నో సాయంత్రమో తెలీదు. మాత్ర వేసుకున్నదీ గుర్తుండదు. అందుకే మొన్న ఓ కాగితం మీద వరసగా రాసి గోడకి అంటించాను. లేవడం, మొహం కడుక్కోవడం, కాఫీ, మాత్ర... మొత్తం ఏడు.

ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చదివారు. చివరికి నావైపు తిరిగి,

"ఏమోయ్, ఇంకా నలభై రెండు మెట్లు ఖాళీగానే ఉన్నాయే!" అన్నారు.