చెప్పుల కాపలా

నేను రచయితను కాను. బెంగుళూరులో ఒక ఆఫీసులో గుమాస్తాను. తెల్లవారకముందే కోలారు బంగారు గనుల నుండి రైలెక్కి, చీకటి పడినాక ఇల్లు చేరేవారిలో ఒకణ్ణి. చదువు మెట్రిక్కుతో ఆగింది. ఆఫీసులో కన్నడం, ఇంట్లో తెలుగు. అయినా మొన్న సంక్రాంతికి మన సంఘం జరిపిన ఆటల పోటీలలో జరిగిన ఒక చిన్న సంగతి మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు నా కథ చెప్పవలె. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడింది. బడిలో ఆటల పీరియడు వస్తే నాకు ఒకటే ఉద్యోగం. చెట్టు క్రింద కూర్చుని అందరి చెప్పులకు కాపలా కాయటం. మేష్టారు చెడ్డవారు కారు. "నీకెందుకు నాయనా శ్రమ, కూర్చో" అని ప్రేమగానే అనేవారు. ఆ ప్రేమ వల్ల ఏ చెప్పులు ఎవరివో నాకు కంఠతా వచ్చినవి గాని, బంతి పట్టుకోవటం మాత్రం రాలేదు.

మా నాయన గనిలో పనిచేసేవాడు. మైళ్ళ లోతున, ఒళ్ళు ఉడికిపోయే వేడిలో పని. ఒకసారి రాయి పడి కుడిచేతి రెండు వేళ్ళు పోయినవి. గాయం మానినాక సుత్తె పిడికి గోనెగుడ్డ చుట్టి లావు చేసుకున్నాడు. మిగిలిన మూడు వేళ్ళకు పట్టు దొరికింది. మళ్ళీ పనిలోకి దిగినాడు. ఆ పిడిని నేను రోజూ చూచేవాణ్ణే గాని, దాని అర్థం తరువాత తెలిసింది.

ఒక ఆదివారం నాయన మా లైను పిల్లలను పిలిచి, "వీడు బ్యాటు పట్టుకుంటాడు, పరుగు ఇంకొకడు తీయండప్పా" అన్నాడు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం ఇరవై పరుగులు చేసినానని ఎగురుకుంటూ ఇంటికి వచ్చినాను. నాయన అడిగినాడు: "ఎన్నిసార్లు ఔటయినావు?"

"ఒక్కసారీ లేదు నాయనా."

"అట్లయితే నువ్వు ఆడలేదురా. వాళ్ళు నిన్ను ఆడించినారు."

మరుసటి ఆదివారం నాయన వెళ్ళి, వీడికీ అందరికీ వేసినట్టే బంతి వేయండని చెప్పి వచ్చినాడు. మొదటి బంతికే వికెట్టు ఎగిరింది. ఏడ్చినాను. కాని ఆ రాత్రి పడుకున్నాక ఏదో తెలియని సంతోషం. నన్ను ఔట్ చేయటానికి ఒకడు నిజంగా ప్రయత్నించినాడు గదా!

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. తరువాత కొన్నేళ్ళకు నాయనా పోయినాడు. ఆ మాట మాత్రం మిగిలింది.

2012 డిసెంబరులో బెంగుళూరులో అంధుల మొదటి టీ-ట్వంటీ ప్రపంచ కప్పు జరిగింది. ఆఫీసు మిత్రుడొకడు ఒక మ్యాచికి తీసుకుపోయినాడు. నాయన మాట అక్కడ కళ్ళారా చూచినాను. బంతి లోపల గలగలమనే గుండ్లు. బౌలరు "రెడీ?" అని అడగాలి, బ్యాటు పట్టినవాడు "యెస్" అనాలి, "ప్లే" అన్నాకనే బంతి. చేయి క్రిందుగా వేయాలి. పిచ్చి సగం దాటకముందే బంతి ఒకసారి నేల తాకాలి. బొత్తిగా చూపులేనివాడి ప్రతి పరుగూ రెండుగా లెక్క. బంతి చప్పుడు వినబడాలి గనుక చూచేవాళ్ళు నోరు మూసుకోవాలి. ఇన్ని సవరణలున్నా ఔట్ అంటే ఔటే! అందులో దయ లేదు. మన శివమొగ్గ జిల్లా వాడైన శేఖర్ నాయక్ నాయకత్వంలో మన జట్టే ఆ కప్పు గెలిచింది.

ఇది క్రొత్త సంగతి కాదు. వెన్నుకు దెబ్బతగిలిన సైనికుల చేత 1948లోనే ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టరు గుట్‌మన్ చక్రాల కుర్చీలోనే విల్లు పట్టించినాడు. ఆనాడు ఆడినవారు 16 మంది. 1960లో రోములో జరిగిన పారాలింపిక్స్ ఆ విత్తనం నుండి మొలిచినవే. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షను కూడా వీరు ఆటలలో పాల్గొనటానికి తగిన ఏర్పాట్లు చేయాలనే చెబుతున్నది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన దీప్తి జీవాంజి మన వరంగల్లు వైపు బిడ్డ.

ఇక సంక్రాంతి సంగతి. కమిటీలో ఒక పెద్దాయన, "నడవలేని పిల్లలకు ముందుగానే ఒక్కొక్క బహుమతి ఇచ్చి ఫోటో తీయిద్దాం" అన్నారు. నేను కాదన్నాను. "పిల్లవాడు పడితే ఎవరప్పా జవాబు చెప్పేది?" అని కార్యదర్శిగారు. ఆయన భయం న్యాయమైనదే. అందుచేత ముందురోజే నేల చదును చేసి, ప్రతి ఆటకూ ఒక మనిషిని నిలబెట్టినాము.

బకెట్టులో బంతి వేసే పోటీ పెట్టినాము. అందరూ కుర్చీలో కూర్చునే వేయాలి. గనుల దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిన తాతల కోసం ఒక నడక పోటీ. ఎన్ని నిమిషాలలో చుట్టు పూర్తిచేస్తారో ముందే చెప్పాలి, చేతి గడియారం మాకిచ్చేయాలి, చెప్పిన సమయానికి దగ్గరగా వచ్చినవారిదే గెలుపు. పది అడుగులకొకసారి ఆగి ఆయాసం తీర్చుకునే తాత, మిలిటరీలో చేసి వచ్చిన ఆయనను ఓడించినాడు. ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు వచ్చేటట్లు నవ్వినారు.

బకెట్టు దగ్గర లెక్క వ్రాసేది నేను. చక్రాల కుర్చీలో ఒక పదకొండేళ్ళ పిల్లవాడు. మూడో బంతి వేసేటప్పుడు కుర్చీ చక్రం గీత దాటింది. బంతి బకెట్టులో పడింది. నేను చూచినాను. చూచి కూడా, పోనీ పాపమని ఒక పాయింటు వ్రాసినాను.

వాడు నా వైపు తిరిగి, "మామా, నా చక్రం గీత దాటింది. ఆ బంతి లెక్కకు రాదు గదా?" అన్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. చెప్పులకు కాపలా కాసినవాణ్ణి, నాయన చేత అంత పాఠం నేర్చుకున్నవాణ్ణి, నేనే వాడిని చెట్టు క్రింద కూర్చోబెట్టబోయినాను! పాయింటు కొట్టివేసినాను. ఆ ఒక్క పాయింటుతో వాడికి మూడో బహుమతి తప్పింది. మూతి ముడుచుకుని ఇంటికి పోయినాడు. మరునాటి నుండి వాళ్ళ పెరట్లో సాయంత్రమయితే బకెట్టు మోత ఆగటం లేదని వాళ్ళమ్మ నాతో ఫిర్యాదు చేసింది.

అందుకని పాఠకులకు నా మనవి. వచ్చే సంక్రాంతికి ఇంట్లో కుంటి బిడ్డ ఉన్నా, చూపులేని బిడ్డ ఉన్నా, ఆయాసపడే తాత ఉన్నా వదిలి రాకండి. గీత ఎక్కడ గీయాలో, బంతి ఎట్లా వేయాలో వాళ్ళనే అడిగి మార్చుకుందాం. మార్చుకున్నాక లెక్క మాత్రం అందరికీ ఒక్కటే. ఇక చెప్పులంటారా, వరుసగా విడిచిపెడితే చాలు, ఎవరివి వారు వెతుక్కోగలరు.