జగదల్‌పూరులో ఒక పూట భోజనం

మేము చీమలను తిని వచ్చామని చెబితే మా వీధిలో సగంమంది నమ్మలేదు. నమ్మిన సగంమంది మా ఇంట మంచినీళ్ళు పుచ్చుకోవడానికి సందేహించారు. కనుక జరిగినది జరిగినట్టు రాసి మన పత్రికకు పంపడమే మేలని తోచింది.

మేముండేది జయపురం. మా ముత్తాతలు విజయనగరం, బొబ్బిలి ప్రాంతాల నుంచి ఘాటీ ఎక్కి, కొందరు వర్తకానికీ, కొందరు సంస్థానంలో గుమాస్తా పనులకూ వచ్చి ఇక్కడే నిలిచిపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒరియా, సంతలో దేశియా మాట్లాడుకుంటూ నాలుగు తరాలు గడిపాము. కొండవాళ్ళు తెచ్చే చింతపండు, అల్లం, చీపుళ్ళు, అడ్డాకులు కొంటూ పెరిగాము. అయితే ఆ సంతలోనే ఒక మూల ఆకుదొప్పలలో పెట్టి అమ్మే ఎర్రని సరుకు దగ్గరకు మాత్రం ఏనాడూ పోలేదు. చిన్నతనంలో అటు నడిస్తే పెద్దలు రెక్కపట్టి ఇవతలికి లాగేవారు. "చీమలు తినేవాళ్ళు" అన్నది మా ఇళ్ళలో ఒక తిట్టు. పిల్లవాడు అన్నం పారబోసినా అదే తిట్టు, పనిమనిషి ఆలస్యంగా వచ్చినా అదే తిట్టు.

2024 జనవరిలో మయూర్‌భంజ్ జిల్లా ఎర్రచీమల పచ్చడికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపరులో పడింది. అక్కడ దానిని కాయి చట్నీ అంటారు. దార్జిలింగు తేయాకుకు ఇచ్చే గుర్తింపూ, మా పొరుగునున్న కోటపాడు నేతబట్టకు ఇచ్చిన గుర్తింపూ ఇదే. మా అరుగు మీద సాయంత్రాలు చేరే బృందంలో ఆ వార్త నెలల తరబడి నలిగింది. తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయిన బాబాయిగారు "ప్రభుత్వం ముద్ర వేసినంత మాత్రాన చీమ చీమ కాకుండా పోతుందా?" అన్నారు. మాస్టారు ఊరుకోలేదు. "తినకుండా తీర్పు చెప్పడం ఏ ధర్మమండీ? ఒకసారి వెళ్ళి తిని వద్దాం" అన్నారు. సరేననుకున్నాము. ఎక్కడ తినాలన్నదే చిక్కు. మా ఊరి సంతలోనే దొరుకుతుంది గదా అంటే, అందరం ఒకరి మొగాలొకరం చూసుకున్నాము. తెలిసినవాళ్ళు చూస్తారు! ఇంటి గుమ్మంలో అమ్మేదాన్ని తినడానికి పొరుగు రాష్ట్రానికి పోవాలని తీర్మానించిన ఘనులం మేము.

ఆ విధంగా మొన్నటి జ్యేష్ఠమాసం చివర, తొలకరి పడీ పడని రోజుల్లో ఒక కారు మాట్లాడుకుని బయలుదేరాము. బాబాయిగారు, పిన్నిగారు, మాస్టారు, మందుల దుకాణం నడిపే మా మిత్రుడు, మేము. జయపురం నుంచి జగదల్‌పూరు రమారమి 80 కిలోమీటర్లు. బొరిగుమ్మ దాటి కోటపాడు చేరేసరికి ఆకలి వేసింది గాని, మధ్యాహ్నం భోజనం చెడుతుందేమోనని టీతో సరిపెట్టుకున్నాము. కోటపాడులో ఒక చెట్టు వేరు నుంచి తీసిన ఎర్రరంగుతో నూలు అద్ది నేస్తారు. పిన్నిగారు అక్కడ ఒక తువ్వాలు కొన్నారు. ఆ నేత మగ్గం సంగతి మళ్ళీ వస్తుంది.

జగదల్‌పూరు ఇంద్రావతి ఒడ్డున ఉన్న ఊరు. 2000 సంవత్సరం నుంచి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ఉంది గాని, మన తెలుగువారికి పరాయి ఊరేమీ కాదు. 1323లో ఓరుగల్లు కోట పడిపోయాక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి బస్తరు రాజ్యం స్థాపించాడని ఇక్కడి రాజవంశం వారు చెప్పుకునే కథ. దారి పొడుగునా మాస్టారు ఆ కథే చెప్పి, "కోట పోయింది, కోష్ఠాగారం పోయింది, ఎదురుగా ఈ అడవి. పాపం, వాళ్ళు వచ్చిన కొత్తలో ఏం తిని ఉంటారో?" అన్నారు. బాబాయిగారు మాట్లాడలేదు.

ముందు సంత చూశాము. చింతపండు గుట్టలు గుట్టలుగా ఉంది. ఈ ఊరు చింతపండు వ్యాపారానికి పెట్టింది పేరు. ఎండుచేపలు, వెదురు కొమ్ముల తురుము, ఇప్పపువ్వు, తొలకరికి సాలచెట్ల కింద నేలలో పుట్టే గుండ్రని పుట్టగొడుగులూ ఉన్నాయి. ఈ పుట్టగొడుగులను బోడా అంటారు. వాటి ధర విని మందుల మిత్రుడు, "ఇంతకన్నా నా దుకాణంలో టానిక్కే చవక" అన్నాడు. అక్కడే ఒక పెద్దామె వరసగా దొప్పలు పెట్టుకుని కూర్చుంది. వంగి చూశాము. ఎర్రచీమలు, వాటి మధ్య తెల్లని బియ్యపుగింజల వంటి పిల్లపురుగులు. కొన్ని చీమలు ఇంకా కదులుతున్నాయి. బాబాయిగారు రెండడుగులు వెనక్కి వేశారు.

ఈ చీమలు మనకు తెలియనివి కావు. మామిడిచెట్టు ఎక్కిన ప్రతి పిల్లవాడినీ ఇవి కుట్టి ఉంటాయి. పచ్చి ఆకులను దగ్గరకు లాగి గూడు కడతాయి. వరసలుగా నిలబడి రెండాకుల అంచులను పట్టుకుంటే, మరికొన్ని తమ పిల్లపురుగులను నోట కరచుకుని వచ్చి అటూ ఇటూ తిప్పుతాయి. ఆ పురుగు నోటినుంచి వచ్చే పట్టుదారమే రెండాకులనూ కలిపి కుడుతుంది. కోటపాడు మగ్గం మీద నాడె ఎట్లా ఆడుతుందో, చెట్టుమీద ఆ పిల్లపురుగు అట్లా ఆడుతుంది. తోటలో ఇవి ఉంటే చెట్లకు పట్టే పురుగులను తినివేస్తాయని, చైనాలో నారింజతోటల రైతులు వీటి గూళ్ళను కొని చెట్లకు కట్టే ఆచారం పదహారువందల ఏళ్ళ క్రిందటే ఉన్నదని మాస్టారు చెప్పారు. అంత ఉపకారం చేసే ప్రాణిని నూరుకు తినడమా అని పిన్నిగారు మెల్లగా అన్నారు. దానికి ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము.

భోజనానికి ఊరి చివర ఒక హోటలుకు వెళ్ళాము. రేకుల కప్పు, ముందు వేపచెట్టు, బల్లలు. అడవి వంటకాలన్నీ అక్కడ దొరుకుతాయని కారు డ్రైవరు చెప్పాడు. వడ్డన చేసే కుర్రవాడు మా దేశియా విని నవ్వి, హల్బీలో ఏదో అని, మళ్ళీ హిందీలోకి దిగాడు. ఏమేమి ఉన్నాయని అడిగితే గుక్క తిప్పుకోకుండా చదివాడు: నత్తల కూర, సుక్సీ అనే ఎండుచేపల పులుసు, వెదురుకొమ్ము కూర, బోడా కూర, చోడి అంబలి, చాపడా. ఈ చాపడాయే మన చీమల పచ్చడి. మా మిత్రుడు మందుల మనిషి గనుక ముందే ఒక హెచ్చరిక చేశాడు. రొయ్యలూ పీతలూ పడనివాళ్ళకు పురుగులు కూడా పడకపోవచ్చు, దద్దుర్లు లేచి ఊపిరి అందక ప్రమాదం రావచ్చు, అటువంటివారు ముట్టుకోవద్దు అన్నాడు. తనకే రొయ్యలు పడవట! అంత దూరం వచ్చి అతడు వెదురుకొమ్ముతోనే సరిపెట్టుకున్నాడు. మాస్టారు శాకాహారి. వాదానికి వచ్చారు గాని విందుకు రాలేదు. అంబలి, బోడా కూర ఆయన వంతు. మిగిలింది ముగ్గురం.

పచ్చడి మా ఎదుటనే రాతి మీద నూరించాము. పచ్చిమిరప, వెల్లుల్లి, అల్లం, ఉప్పు, కొత్తిమీర, వాటితో పాటు దొప్పెడు చీమలు. రాయి కదిలేసరికి ఘాటైన పుల్లని వాసన గుప్పున లేచి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీమ కుట్టినచోట మండించే ఆమ్లమే ఆ పులుపు. 1671 నాడే జాన్ రే అనే ఇంగ్లీషు పండితుడు చీమలను బట్టీపట్టి ఆ ఆమ్లాన్ని వేరుచేశాడు. లాటిను భాషలో చీమకున్న పేరు మీదనే దానికి ఫార్మిక్ ఆమ్లమని పేరు వచ్చింది. ఇదంతా మాస్టారు పాఠం. మాకు ఆ క్షణంలో పాఠం ఎక్కలేదు.

నిజం చెప్పాలంటే, మొదటి ముద్ద కళ్ళు మూసుకునే తిన్నాము. చీమ అన్న మాట గొంతులో అడ్డం పడింది. తర్వాత పులుపు తగిలింది. నిమ్మకాయ పులుపు కాదు, చింతపండు పులుపూ కాదు. చురుకైనది. నాలుక అంచులను తాకి వెంటనే పోతుంది, వెనకనే కారం వస్తుంది. చల్లని చోడి అంబలిలో నంజుకుంటే అంతకన్నా తగిన జోడీ లేదు. ఇంటి దగ్గర అంబలిలోకి ఊరమిరపకాయ కొరుక్కునే అలవాటున్న వాళ్ళకు ఇది కొత్త రుచి అనిపించదు. నత్తలు మాత్రం మాకు నచ్చలేదు. రబ్బరు నమిలినట్టుంది. ఎండుచేపల పులుసు ఉప్పుకశం. బాబాయిగారు గోరంత పచ్చడి నాలుక మీద పెట్టుకుని, "ఊఁ" అని, నీళ్ళు తాగి, ఇక చాలన్నారు.

"మీరు మింగే మాత్రల మీది మెరుగు లక్కపురుగుది, పిన్నిగారు పండక్కి కట్టే చీర పట్టుపురుగుది, మీరు నాకే తేనె తేనెటీగది" అని మాస్టారు ఆయనను ఆటపట్టించారు. లోకంలో రమారమి 200 కోట్లమంది సంప్రదాయ భోజనంలో పురుగులున్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2013లో లెక్క కట్టిందనీ, పురుగును చూస్తేనే కెవ్వుమనే ఐరోపావారు సైతం 2021లో ఒక రకం పురుగుల అమ్మకానికి అనుమతి ఇచ్చారనీ, 2024లో సింగపూరు 16 రకాలకు ఇచ్చిందనీ వరసగా చెప్పుకుపోయారు. "ఎవరెన్ని తింటే నాకేం? మన ఇళ్ళలో లేదు. అంతే" అన్నారు బాబాయిగారు.

అప్పుడు వాన మొదలైంది. రేకుల మీద చప్పుడుకు మాట వినిపించలేదు. మబ్బుకు చీకటి పడితే కుర్రవాడు ట్యూబులైటు వేశాడు. వాన కాస్త తగ్గగానే వేపచెట్టు మొదట నేల పగిలినట్టయి ఉసిళ్ళు లేచాయి. వందలూ వేలూ వచ్చి దీపం చుట్టూ ముసిరి, రెక్కలు రాల్చి బల్లల మీద పడ్డాయి. మేము పళ్ళేలకు చేతులు అడ్డం పెట్టుకుంటున్నాము. పిన్నిగారు మాత్రం కుర్రవాణ్ణి పిలిచి, "బాబూ, పళ్ళెంలో నీళ్ళు పోసి దీపం కింద పెట్టరా, అన్నీ అందులో పడతాయి" అన్నారు. వాడు తెల్లబోయి చూశాడు. మేమూ చూశాము.

"ఎలా తెలుసు నీకు?" అన్నారు బాబాయిగారు.

పిన్నిగారు కోటపాడు తువ్వాలుతో బల్ల తుడుస్తూ చెప్పారు. ఆవిడ పుట్టిల్లు పార్వతీపురం దగ్గర పల్లె. చిన్నతనంలో ఒక యేడు పంట పోయింది. గాదెలో చోళ్ళు కూడా అడుగంటాయి. తొలకరి రాత్రి వాళ్ళమ్మ దీపం కింద నీళ్ళపళ్ళెం పెట్టి ఉసిళ్ళు పట్టి, మంగలంలో వేయించి, చేటలో చెరిగి రెక్కలు పోగొట్టి, ఉప్పూ కారం జల్లి పిల్లలకు పెట్టేది. ఇరుగుపొరుగు చూడకుండా తలుపు గడియ వేసేది. "ఎంత కమ్మగా ఉండేవనుకున్నారు! వేయించిన పల్లీల వాసన. ఈతమొవ్వులోని బొడ్డెంగులు కూడా కొండవాళ్ళు ఇస్తే తిన్నాం. మీ ఇంటికి వచ్చాక మీ అమ్మగారు చీమలు తినేవాళ్ళని ఎవరినైనా తిడితే, నన్నే అంటున్నట్టుండేది. యాభై యేళ్ళయింది. ఎవరితోనూ అనలేదు."

వాన పూర్తిగా ఆగింది. ఎవరమూ ఏమీ అనలేదు. బాబాయిగారు కొంతసేపు బల్ల మీద రాలిన రెక్కలను వేలితో ఒకచోటికి చేర్చారు. తర్వాత పచ్చడి దొప్ప తన వైపు లాక్కుని, అంబలి గిన్నె దగ్గరకు తీసుకున్నారు. ఈసారి గోరంత కాదు, ఉసిరికాయంత తీసుకున్నారు. కళ్ళలో నీళ్ళు కారం వల్లనే అని మాకు ఆయన చెప్పిన మాట. మేము నమ్మాము.

హోటలువాడు ఆ పచ్చడికి సంత ధరకు అయిదింతలు వేశాడు. షావుకారు వంశంలో పుట్టినవాళ్ళం గనుక బేరమాడకుండా ఉండలేకపోయాము. వాడు తగ్గించలేదు. వచ్చేటప్పుడు మళ్ళీ సంతలో ఆగితే, ఆ పెద్దామె దొప్పలు సర్దుకుంటోంది. పిన్నిగారు ఆమె పక్కన గొంతుక్కూర్చుని, గూడు కోసేటప్పుడు చీమలు చేతులకు ఎక్కకుండా ఏం చేస్తారని అడిగారు. ఆమె నవ్వి చేతులు చాపి చూపింది. మోచేతుల దాకా కాట్ల మచ్చలే. పిన్నిగారు ఒక దొప్ప కొని ఆకుతో కట్టించారు.

ఇంటికి వచ్చాక ఆ పొట్లం నూరి సీసాలో పెట్టి, ఫ్రిజ్‌లో మాగాయ సీసా వెనక దాచారట. పెద్దకోడలు మర్నాడే కనిపెట్టి "ఇదేమిటత్తయ్యా" అని అడిగింది. ఈసారి పిన్నిగారు దాచలేదు. అంతా చెప్పారు. కోడలు వినేసి వంటింట్లోకి వెళ్ళిపోయిందట, ఏమనుకుందో తెలియదు. మూడోనాడు చూస్తే సీసాలో సగమే ఉంది. మనవడు తిన్నాడో, కోడలే రుచి చూసిందో, బాబాయిగారు అర్ధరాత్రి లేచారో ఇంతవరకు తేలలేదు.