పోతన పొలంలో నాట్లు ఎవరు వేశారు?

పోతన ఒంటిమిట్టవాడా, ఓరుగల్లువాడా అన్న వాదానికి నూరేళ్లు దాటాయి. భాగవతంలోని ఏకశిలానగరం మాదంటే మాదని పండితులు పుటలకు పుటలు నింపారు. సాహిత్య విద్యార్థినిగా రెండు పక్షాల వ్యాసాలూ చదివాను. రాజుల కొలువుకు పోకుండా, సేద్యం చేసుకుంటూ కావ్యం రాసుకున్న కవి అన్న మాట మాత్రం ఇద్దరూ ఒకే ప్రేమతో చెప్తారు. ఆ సేద్యం గురించే నా ప్రశ్న.

మొన్న పుష్యమాసంలో అమ్మా నేనూ కడప నుంచి ఒంటిమిట్టకు బస్సెక్కాం. పాతిక కిలోమీటర్ల దూరం. అమ్మ పుట్టిల్లు అక్కడే. ఒకే శిలలో చెక్కిన సీతారామలక్ష్మణులను చూసి, టెంకాయ చిప్ప పట్టుకుని భిక్షమెత్తి ఈ గుడిని బాగుచేయించిన వావిలికొలను సుబ్బారావు గారిని తలుచుకుని, చెరువు కింది పొలాల వైపు నడిచాం. మంచు ఇంకా విడలేదు. పసుపుతోటలో ఆకు ఎండి వాలిపోయింది. పక్క కయ్యలో పదిమంది ఆడవాళ్లు నడుములు వంచి వరినాట్లు వేస్తున్నారు. గట్టు మీది మగమనిషి నారుకట్టలు విసురుతున్నాడు.

"ఇదే పాపా మన కయ్య. పెండ్లయ్యేదాకా కలుపు నేనే తీసినా" అంది అమ్మ.

ఆ 'మన' అన్న మాట దగ్గర ఆగిపోయాను. పాసుపుస్తకంలో ఉన్నది మేనమామ పేరు. అమ్మ పెళ్లి 1983లో జరిగింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ సమాన హక్కు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. ఆ షరతు 2005 కేంద్ర సవరణతో పోయింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తాత ఆస్తికి రిజిస్టరైన పంపకం ఏదీ లేదు. చట్టం ఇంత దూరం నడిచి వచ్చాక, మామ హక్కు విడుదల పత్రం తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. సంతకం పెడితే భూమి పోతుంది, పెట్టకపోతే పుట్టిల్లు పోతుంది. చీర, పసుపుకుంకుమ పెట్టే పుట్టిల్లు ఆడదానికి ఎంత ఖరీదో ఏ చట్టమూ లెక్కగట్టలేదు.

రాజుకు అమ్ముతాడేమోనని సరస్వతి కన్నీరు పెట్టుకుందనీ, పోతన ఆమెను ఓదార్చాడనీ కథ. ఆ కథ చెప్పని తెలుగు పంతులు లేడు. కథలో నాగలి ఉంది, నాగలి పట్టినవాడి పేరుంది. నాటినవాళ్లు, కలుపు తీసినవాళ్లు, సద్ది మోసుకెళ్లినవాళ్లు లేరు. ఆ ఇంటి ఇల్లాలు తన పొలాన్ని ఏమని పిలుచుకుందో నేను చదివిన ఏ వ్యాసమూ అడగలేదు. కథ గనక వదిలేద్దామంటే, పాసుపుస్తకం కథ కాదు కదా! సాహిత్య చరిత్ర జారవిడిచిన పేర్లనే రెవెన్యూ రికార్డూ జారవిడుస్తోంది. రెండింటినీ వేర్వేరు శాస్త్రాలుగా చదువుకోవడం మనకు అలవాటైపోయింది.

గట్టు మీద సద్ది విప్పుకుని తింటుంటే అమ్మ అడిగింది. "పోతన కాలంలో గూడా ఆడోళ్లే నాటినారా?"

"నాటకుండా పంటెట్లా వస్తుంది?"

"మరి యాడా రాయలేదే!"

విడుదల పత్రం ఇంకా మా బీరువాలోనే ఉంది. అమ్మ సంతకం పెట్టలేదు. పెట్టనని మామతో చెప్పనూ లేదు.