పరిమితి సరే, లాటరీ ఎందుకు?

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో అడుగుపెట్టిన రోజుల్లోనే, 1923లో, భారతీయులు అమెరికా పౌరులు కావడానికి అర్హులు కారని అక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తేల్చింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చి ఆ అడ్డు తొలగేనాటికి ఆయన హార్వర్డ్ దాటి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలను నడిపిస్తున్నారు. 1948లో కన్నుమూశారు. ఆయన బృందం అందించిన హెట్రజాన్‌నే మనం డీఈసీ అంటాం. మా రామతీర్థం ఉన్న విజయనగరం జిల్లాలోనూ, పక్కనున్న శ్రీకాకుళంలోనూ బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఏళ్ళ తరబడి పంచిన మాత్ర అదే. పౌరసత్వం లేకపోయినా ఆయన ఇంత పని చేశారు కదా, వీసా కాగితాల గురించి ఇంత గొడవెందుకని అడగవచ్చు. కానీ ఆయనకు ప్రయోగశాలలో పాతికేళ్ళు పనిచేసే వీలు దొరికింది. ఇవాళ అక్కడ సైన్సు, ఇంజనీరింగు పట్టా చేతికొచ్చిన విద్యార్థికి ఆ మాత్రం భరోసా కూడా లేదు.

లెక్క చూడండి. చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు, స్టెమ్ కోర్సులైతే 2016 నుంచి మరో 24 నెలలు పని చేయనిస్తారు. ఆలోగా హెచ్1బీ వీసా రావాలి. అందుకు ఏటా అన్ని దేశాలకూ కలిపి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకు పై చదువు చదివినవారికి అదనంగా 20 వేలు. 2023-24లో ఒక్క భారతదేశం నుంచే 3,31,602 మంది విద్యార్థులు అమెరికాలో ఉన్నారు. అందుకే లాటరీ. అది దాటినా గ్రీన్‌కార్డు దగ్గర ఏ దేశానికైనా దాదాపు 7 శాతమే అన్న గీత ఉంది. నూట నలభై కోట్ల జనమున్న దేశానికీ, నాలుగు లక్షలు దాటని ఐస్‌లాండ్‌కీ అదే గీత. 2025లో భారతీయుల ఈబీ-2 గ్రీన్‌కార్డు వరుస ఇంకా 2013 నాటి దరఖాస్తుల దగ్గరే ఉంది. ఎంతమందిని ఉంచుకోవాలన్నది ఏ దేశానికైనా ఉన్న హక్కు, దాన్ని నేను కాదనను. చదువు, పని చూడకుండా చీటీనీ పుట్టిన దేశాన్నీ చూసి ఎంచడమే అన్యాయం. అంతకన్నా పెద్ద అన్యాయం, ఫీజులన్నీ కట్టించుకున్నాక ఆ సంగతి తేల్చడం.

హెచ్1బీ ఉద్యోగులు తక్కువ జీతానికి పనిచేసి స్థానికుల పొట్ట కొడుతున్నారన్నది బలమైన అభ్యంతరమే, తోసిపుచ్చలేం. అయితే జీతం దిగడానికి అసలు కారణం ఒకే యజమానికి కట్టుబడి ఉండాల్సి రావడం. ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరొకటి వెతుక్కోవాల్సినవాడు జీతం పెంచమని గట్టిగా అడగలేడు. వాడి బెదురు పక్కసీటులోని అమెరికన్ జీతాన్ని కూడా కిందికి లాగుతుంది. ఇష్టం వచ్చిన చోటికి మారే స్వేచ్ఛ ఇస్తే ఇద్దరికీ మేలు. 2025 డిసెంబరులో ఖరారైన నియమం ఎక్కువ జీతమున్నవారికి లాటరీలో ఎక్కువ అవకాశాలిస్తుంది. గుడ్డి చీటీ కన్నా అది నయమే. కానీ అప్పుడే పట్టా పుచ్చుకున్నవారి తొలి జీతం చాలావరకు కింది మెట్టు మీదే ఉంటుంది. వాళ్ళను పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవారితో పోటీకి దింపడం న్యాయం కాదు. మోసాల మాటా ఉంది. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం, 2019లో మిషిగన్‌లో అధికారులే వల పన్నిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం, రెండింటిలోనూ చిక్కుకున్నది ఎక్కువగా తెలుగు విద్యార్థులే. తప్పు చేసినవారిని వెనకేసుకు రాను. అయితే అడ్డదారికి ఇంత గిరాకీ రావడానికి రాజమార్గంలో జవాబు దొరకకపోవడమూ ఒక కారణం.

మన వైపు నుంచి వచ్చే అభ్యంతరం వేరు. విజయనగరం, రాజాం కాలేజీల్లో బీటెక్ చదివినవారు అక్కడే ఉండిపోతే ఉత్తరాంధ్రకు ఒరిగేదేమిటని అడుగుతారు. ఆ బాధ నాకూ ఉంది. కానీ మనిషిని రాకుండా కట్టేస్తున్నది ఈ అనిశ్చితే. దేశం వదిలితే వీసా స్టాంపింగు ఏమవుతుందోనన్న భయంతో తల్లిదండ్రుల కర్మకాండకు కూడా రాలేనివారు, రెండేళ్ళు సెలవు పెట్టి విశాఖలో కంపెనీ మొదలుపెట్టగలరా? డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు రోచెస్టర్ నుంచి తిరిగొచ్చి హైదరాబాద్‌లో పెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఇవాళ విశాఖలోనూ వైద్యం చేస్తోంది. అలాంటి రాకపోకలు పెరగాలంటే కాళ్ళకింద నేల గట్టిగా ఉండాలి. అది ఉన్నవారికే వెనక్కి తిరిగే ధైర్యం వస్తుంది.

కాబట్టి గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయంలో మాస్టర్స్, పీహెచ్‌డీ పూర్తిచేసి, సరైన జీతంతో ఉద్యోగం దొరికినవారికి ఏటా ఒక సంఖ్య కేటాయించాలి. దేశాల గీత లేకుండా దరఖాస్తు తేదీ వరుసలో ఇవ్వాలి. ఆ సంఖ్యను అడ్మిషన్‌కు ముందే ప్రకటించాలి. దేశాల గీత చెరిపే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ తన రూపంలో ఆమోదించింది. రెండు రూపాలూ ఒకటి కాక చట్టం కాలేదు. అమెరికాలో ఓటుహక్కు వచ్చిన తెలుగువారు తమ పని అయిపోయిందనుకోకుండా, తమ కాంగ్రెస్ సభ్యులను కలిసి ఆ బిల్లును మళ్ళీ తెమ్మని అడగాలి.