తొమ్మిది పాయింట్లు

మొన్న అరకు వెళ్లొచ్చామండీ. ఆ మాట వినగానే మీ నాలుక చివరికి ఒక ప్రశ్న వచ్చేసి ఉంటుంది. కాస్త ఆపుకోండి, దాని దగ్గరికే వస్తున్నా.

ముందు విశాఖ సంగతి. దిగింది సోమవారం. మా వాడు జలాంతర్గామి చూడాలన్నాడు. అదేనండీ, కుర్సురా. 1969లో నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు కొలువు చేసి, ఇప్పుడు ఆర్కే బీచ్ ఇసుకలో విశ్రాంతి తీసుకుంటోంది. తీరా వెళ్తే సోమవారం సెలవట, గేటు మూసేసి ఉంది. వాడి మొహం వేలాడింది. నాకు మాత్రం, నిజం చెప్తున్నా, ప్రాణం హాయిగా ఉంది. కుర్సురానా, కైలాసగిరా, తొట్లకొండా, రుషికొండా అని పొద్దుట్నుంచీ నలుగుతున్న పంచాయితీలో ఒకటి దానంతటదే తెగిపోయిందిగా! సుఖంగా ఇసుకలో కూర్చుని ముంత మసాలా తిన్నాం.

మర్నాడు పొద్దున్నే కిరండూల్ రైలు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి అరవైలలో వేసిన లైను అది. 58 సొరంగాలు. మా వాడు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు, ఇరవై ఆరో ఇరవై ఏడో అన్నచోట వాళ్లమ్మతో గొడవపడి మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాడు. చీకట్లోంచి బయటపడ్డప్పుడల్లా పెట్టెలో పిల్లలంతా ఒకటే కేక. ఇంత సంబరం ఉందా, ఇది మాత్రం ఎవరి జాబితాలోనూ ఉండదు. దారి కదా!

అరకులో దిగి కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు లామినేషన్ చేసిన కార్డు చేతిలో పెట్టాడు. ట్రైబల్ మ్యూజియం, పద్మాపురం తోట, చాపరాయి, కాఫీ మ్యూజియం, గాలికొండ, బొర్రా, కటికి, అనంతగిరి కాఫీ తోటలు, టైడా. "తొమ్మిది పాయింట్లు సార్. అన్నీ కవర్ చేసి ఏడింటికల్లా వైజాగ్‌లో దింపేస్తా." అప్పటికే పదకొండు దాటింది. వైజాగ్ 115 కిలోమీటర్లు, అందులో సగం ఘాట్ రోడ్డు.

మా ఆవిడకి బొర్రా గుహలు కావాలి. మా వాడికి కటికి, జలపాతం కోసం కాదు, జీపెక్కొచ్చని. మా అత్తగారు "కూర్చోడానికి ఎక్కడ బాగుంటుంది బాబూ?" అన్నారు. నాకు ఫలానాది కావాలని లేదు. ఏదీ వదలబుద్ధీ కాదు. ఎందుకూ అని ఆలోచిస్తే మా పై వాటావిడ గుర్తొచ్చింది. "అంత దూరం వెళ్లి అది చూడకుండా వచ్చారా?" అంటుంది. ఇందాక మీ నాలుక మీదున్నదీ అదే కదూ? మేం కార్డు చూసుకుంటుంటే ఆవిడ ఎక్కడో హైదరాబాద్‌లో పప్పుకి తాలింపు వేసుకుంటూ ఉంటుంది. అయినా మా కార్లో ముందు సీటు ఆవిడదే.

మ్యూజియం గబగబా చూసి బయల్దేరాం. రోడ్డు పక్కన పొగ కనిపించింది. అత్తగారు కారాపించారు. బొంగులో చికెన్. ఒక అమ్మాయి పచ్చి వెదురు బొంగులోకి మసాలా పట్టించిన ముక్కలు వేళ్లతో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద పెట్టింది. చుక్క నూనె లేదు. బొంగు ముందు పచ్చగా చెమర్చింది, తర్వాత నల్లబడింది, ఆకుల సందుల్లోంచి బుసబుసమని ఆవిరి. "ముప్పావుగంట పడుతుందండీ" అంది. డ్రైవరు గడియారం చూపించాడు. అత్తగారు అప్పటికే పీట లాక్కుని నిప్పుల పక్కన కూర్చున్నారు. ఆ పిల్లతో వాళ్లూరు, వాళ్లమ్మ, మొన్నటి చలీ అన్నీ మాట్లాడేశారు. కత్తితో బొంగు చీల్చినప్పుడు వచ్చిన వాసన ఇదిగో, ఇప్పటికీ అత్తగారి శాలువాలోనే ఉంది. అలా పద్మాపురం, చాపరాయి నిప్పుల్లో కాలిపోయాయి.

బొర్రాకి డ్రైవరు ఇచ్చింది కూడా ముప్పావుగంటే. గైడు టార్చి వేసి అది శివపార్వతులు, ఇది ఏనుగు అంటూ పోతున్నాడు. మా ఆవిడ ఆ గుంపులోంచి తప్పుకుని, ఊడలా దిగిన సున్నపురాయి కింద అరచెయ్యి పట్టుకు నిలబడింది. నీటిబొట్టు పడదు. కొసన ఉబ్బుతుంది, వణుకుతుంది, పడదు. నేనూ, అత్తగారూ, పిల్లలిద్దరూ నోళ్లు తెరుచుకుని దానికేసి చూస్తున్నాం. చివరికి పడింది. అందరం ఒకేసారి "హమ్మయ్య" అన్నాం. గంటన్నర అయింది. కటికి జీపులు ఆ పూటకి ఆఖరు ట్రిప్పు వెళ్లిపోయాయి. మా వాడు ఏడుస్తాడనుకున్నా, వాడు వాళ్లమ్మ తడి అరచేతిని చెల్లికి చూపిస్తున్నాడు.

ఇంటికొచ్చామో లేదో పై వాటావిడ మెట్లు దిగింది. "కటికి చూశారా? చాపరాయి? అయ్యో, అంత దూరం వెళ్లి!" వాళ్లు పోయినేడు తొమ్మిదీ చూశారట. అత్తగారు శాలువా మడతపెడుతూ "బొంగు చికెన్ తిన్నావా అమ్మా?" అన్నారు.

"తిన్నామండీ. టైం లేదుగా, పార్సిల్ కట్టించుకుని కార్లో తిన్నాం."

అత్తగారు ఏమీ అన్లేదు. శాలువా ఆవిడ ముక్కు దగ్గర పెట్టారు.