ఈకలు లేని చెంచులు

మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం దారి పట్టండి. నల్లమలలో చెంచుగూడేలు తగులుతాయి. కొత్తగా వచ్చే పట్నవాసులు అక్కడ ఈకల కిరీటాలకోసం వెతుకుతారు! 1943లో ఒకసారి, 1958లో అంజలీదేవి, నాగేశ్వరరావులతో మరోసారి ‘చెంచులక్ష్మి’ తెరకెక్కింది. ఆ తరవాత ఎన్ని సినిమాలు వచ్చినా కొండమనిషి అంటే ఈకలు, పూసలు, వచ్చీరాని తెలుగూను.

అసలు చెంచుల మాతృభాష తెలుగే. అహోబిల నరసింహుణ్ణి అల్లుడని చెప్పుకుంటారు. తాళ్ళమీద కొండచరియలకు వేలాడి తేనె తీస్తారు. ఆ తేనె మాత్రం మనకు రుచే.

గిద్దలూరు సినిమాహాల్లో ఓసారి అటువంటి ఘట్టం వచ్చి జనం గొల్లుమన్నారు. నాతో వచ్చిన చెంచు కుర్రవాడు, నా విద్యార్థే, తనూ నవ్వి, "వీళ్ళు ఏ ఊరోళ్ళు సార్?" అన్నాడు. నా తెలుగు ఎమ్మే ఆ ప్రశ్నకు అక్కరకు రాలేదు.